తాళం వేసిన పేజీ

సైకిళ్ల కొట్టు పైవాటా
వానలు మొదలైన వారం

చుక్కమ్మకు,

ఇంటి సంగతులన్నీ మీ అత్తయ్య ఫోనులో చెప్పేస్తుంది కాబట్టి నాకు మిగిలేది ఫిజిక్సే. అది ఫోనులో కుదరదు. చిన్నప్పుడు నా నోట్సులో ఫుల్‌స్టాప్ లేని చోటల్లా ఎర్ర పెన్సిలుతో చుక్కలు పెట్టి ఆ పేరు తెచ్చుకున్నావు. ఇప్పుడు ఫోనులో నా ప్రతి మాటకూ అడ్డుపడి చుక్క పెడతావు. ఉత్తరమైతే చివరిదాకా వింటావు.

కాలేజీలో పాఠాలు చెప్పడం మానేసిన ఏడాది నేను వికీలో క్వాంటం మెకానిక్స్ పేజీలు మొదలుపెడితే, "మామయ్యా, మీరు విషయం రాయండి, రూపం నేను చూసుకుంటా" అని నువ్వే వచ్చావు. సంతోషించాను. తీరా చూస్తే ప్రతి సమీకరణం దగ్గరా నీ సణుగుడే. నిన్న "శక్తి ఆపరేటర్ మీద టోపీ లేదు" అని రాశావు. అక్షరం మీద ఆ చిన్న గుర్తు ఉంటే స్థితి మీద పనిచేసే ఆపరేటర్, లేకపోతే మామూలు సంఖ్య అని నాకు తెలియదా? ఇన్నేళ్లు పాఠం చెప్పి ఒక్క విద్యార్థికి టోపీ పెట్టలేదు. ఈ వయసులో నా చేత పెట్టిస్తున్నావు.

ఇక రాయబోయేది డోలకం పేజీ. స్ప్రింగుకు కట్టిన బరువు పైకీ కిందికీ ఊగుతుందే, దాని క్వాంటం కథ. పుస్తకాలన్నీ ఒక బారెడు సమీకరణంతో మొదలుపెట్టి చదివేవాణ్ణి బెదరగొడతాయి. నేను నిచ్చెనతో చెప్పేవాణ్ణి. ఒక ఆపరేటర్ ఒక మెట్టు ఎక్కిస్తుంది, ఇంకొకటి ఒక మెట్టు దించుతుంది. మెట్లన్నీ సమానం. నీ తరగతికీ అలాగే చెప్పాను. ఆ ఒక్క పేజీ నా ఇష్టప్రకారం రాసుకుంటే వికీతో నాకిక పని లేదు.

మామయ్య


బీమా ఆఫీసు, మూడో అంతస్తు
భోజనాల వేళ

మామయ్యకు నమస్కారం.

టోపీల మాట చదివి పక్క టేబులావిడ తలెత్తి చూసేట్టు నవ్వాను. పగలు పాలసీ కాగితాల్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం, సాయంత్రం మీ పేజీల్లో పట్టడం నా సరదా.

అయినా ఒక్క విషయం మీరు వినాలి. కణం ఉన్న స్థితిని చూపించే కెట్ గుర్తు రాయాలంటే ముందు నిలువు గీత, తర్వాత స్థితి పేరు, చివర కోణపు బ్రాకెట్. మీరు కోణపు బ్రాకెట్ బదులు లెక్కల్లో వాడే "తక్కువ", "ఎక్కువ" గుర్తులు కొడుతున్నారు. మన కంటికి రెండూ ఒకటే. వికీకి మాత్రం కాదు. ఒక్కోసారి "తక్కువ" గుర్తు కనబడగానే అదేదో తనకిచ్చిన ఆజ్ఞ అనుకుని వాక్యాన్నంతా చెదరగొడుతుంది. ఇంకోచోట తెరిచిన బ్రాకెట్ మీరు మూయలేదు. సమీకరణం ఉండాల్సిన చోట ఎర్ర అక్షరాల్లో తప్పు సందేశం కూర్చుంది. దాన్ని చూసి చర్చ పేజీలో ఎవరో "రాసినవారికి విషయం తెలుసా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. మీ మీద కాదు, ఆ అడిగిన మనిషి మీద.

దయచేసి భద్రపరిచాక పేజీని ఒక్కసారి చూసుకోండి. ఎర్ర అక్షరాలు కనబడితే ఎక్కడో బ్రాకెట్ మూసుకోలేదని అర్థం. చూసి చెబితే చాలు, దిద్దడం నేను దిద్దుతాను.

నిచ్చెన పాఠం గుర్తుంది. ఆ రోజు చివరి బెంచీ కూడా నిద్రపోలేదు.

మీ చుక్క


సైకిళ్ల కొట్టు పైవాటా

చుక్కకు,

మళ్లీ మార్చావు. నేను పొద్దున్నంతా కూర్చుని చేసినదాన్ని మధ్యాహ్నానికల్లా వెనక్కి తిప్పేశావు. పైగా "చూసుకోకుండా భద్రపరిచారు" అని కారణం రాశావు, నలుగురూ చదివే చోట.

ఎర్ర అక్షరాలట. ఈ తెరలు కంట్లోకి కొట్టేట్టు వెలుగుతాయి, అక్షరాలు చూస్తే చీమల బారు. అర్థం సరిగ్గా ఉందో లేదో అది చూడు. గుర్తు కాస్త వంకరైనంత మాత్రాన ప్రకృతికి వచ్చిన నష్టమేమీ లేదు.

ఒక మాట అడుగుతాను, ఏమనుకోకు. నువ్వు పరిశోధన మధ్యలో వదిలేసి వెళ్లినప్పుడు నేను ఒక్క మాట అనలేదు. చివరికి బ్రాకెట్లు సర్దడమే ఫిజిక్స్ అనుకునేదాకా వచ్చావా?

డోలకం మొదలుపెట్టాను. అందులో వేలు పెట్టకు.

మామయ్య


ఇంట్లోంచి

మామయ్యకు,

ఏమనుకోకు అన్నారు. అనుకున్నాను.

పరిశోధన ఎందుకు వదిలేశానో మీకు తెలుసు. నాన్న మంచం పట్టారు, ఇంట్లో ఎవరో ఒకరు ఉద్యోగం చెయ్యాలి. అప్పటినుంచి ఫిజిక్స్‌లో నాకు మిగిలింది మీ పేజీలే. అక్కడ బ్రాకెట్లు సర్దుతున్నంతసేపూ నేనింకా ఆ క్లాసుగదిలోనే ఉన్నట్టుండేది. మీకది అంత చిన్న పనిలా కనబడిందని ఇప్పుడే తెలిసింది.

ఇక వికీ నిర్వాహకురాలిగా చెప్పాల్సింది. క్వాంటం పేజీలన్నింటికీ తాళం వేశాను. గుర్తులన్నీ ఒక పద్ధతికి వచ్చేదాకా నిర్వాహకులు తప్ప ఇంకెవరూ వాటిని మార్చలేరు. డోలకం పేజీ కూడా అందులోనే ఉంది. మీరు మొదలుపెట్టిన నాలుగు వాక్యాలూ భద్రంగానే ఉంటాయి. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది కాబట్టి ఎంతకాలం పడుతుందో చెప్పలేను. ఈలోగా మీరు విశ్రాంతి తీసుకోండి.

ఇట్లు,
మీ మేనకోడలు


సైకిళ్ల కొట్టు పైవాటా
వానలు జోరుగా ఉన్నాయి

చుక్కమ్మకు,

చేతిరాత చూసి కంగారు పడకు. రాస్తున్నది మీ అత్తయ్య, చెబుతున్నది నేను. మణికట్టు పట్టేసింది, పెన్ను పట్టనివ్వడం లేదు.

తాళం సంగతి సరే. నీ పద్ధతిలో నువ్వు కానివ్వు. తొందరపడితే మళ్లీ తప్పులు దొర్లుతాయి, నిదానంగానే చెయ్యి. తీసినప్పుడు చూద్దాం.

పోయిన ఉత్తరంలో ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నోరు జారడమంటే సరిపోయేది, నాది పెన్ను జారింది.

మీ అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి?

మామయ్య


ఇంట్లోంచి
చలి మొదలైంది

మామయ్యకు నమస్కారం.

మీ ఉత్తరానికి అప్పుడే జవాబు రాయాల్సింది. బిగుసుకుని కూర్చున్నాను. వానలన్నీ పోయాక రాస్తున్నాను, మన్నించండి. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, మెట్లు తప్పితే ఇబ్బంది లేదు.

పేజీలన్నీ పూర్తయ్యాయి. చూస్తే మీకే ముచ్చటేస్తుంది. ప్రతి ఆపరేటర్‌కూ టోపీ ఉంది, ప్రతి కెట్‌కూ సరైన బ్రాకెట్ ఉంది. స్థితికి గుర్తుగా ఒక పేజీలో సై, ఇంకో పేజీలో ఫై అనే గ్రీకు అక్షరాలు వాడిన చోట్లు కూడా వెతికి పట్టుకున్నాను. మీ వాక్యాలు ఒక్కటీ కదపలేదు. అవి మొదటినుంచీ బాగానే ఉన్నాయి మామయ్యా, ఈ మాట మీకు నేనెప్పుడూ చెప్పలేదు.

తాళం తీసి చాలా రోజులైంది. రోజూ డోలకం పేజీ తెరిచి చూస్తున్నాను. ఆ నాలుగు వాక్యాల తర్వాత ఒక్క అక్షరం చేరలేదు. నిచ్చెన ఇంకా గోడకు చేర్చనేలేదు. అలిగారా? అలిగితే తిట్టండి, ఊరుకోకండి.

మీ చుక్క


సైకిళ్ల కొట్టు పైవాటా

చుక్కమ్మకు,

నీ ఉత్తరం మీ అత్తయ్య రెండుసార్లు చదివింది. మంచి పని చేశావు. అలకా గిలకా ఏమీ లేదు.

డోలకం పేజీ మాత్రం ఇక నా వల్ల కాదు. ఆసక్తి పోయింది. పొద్దున నడక, సాయంత్రం రేడియో, రోజు హాయిగా వెళ్లిపోతోంది. నీకు పాఠం గుర్తుందన్నావుగా, నువ్వే రాసెయ్యి. మణికట్టు ఇంకా అలాగే ఉంది.

మామయ్య

అమ్మాయీ, ఇక్కడినుంచి మీ మామయ్య చెప్పింది కాదు, నేను రాస్తున్నది. ఆయన ఎదురుగానే కూర్చున్నారు. "ఇంకా ఏం రాస్తున్నావు?" అంటున్నారు. "చిరునామా" అన్నాను. ఫోనులో ఎప్పుడూ పక్కనే ఉంటారు కాబట్టి నాకింతకన్నా దారి దొరకలేదు.

ఆయన మణికట్టుకేం కాలేదు. చూపు పోయింది. అంతా చీకటి కాదు, రెండు కళ్లకూ సరిగ్గా మధ్యలో మచ్చ పడింది. గుమ్మం కనబడుతుంది, గుమ్మంలో నిలబడ్డ మనిషి కనబడరు. ఇది వానలకు ముందే మొదలైంది. కంటి డాక్టరు అప్పుడే చెప్పారు, దీన్ని ఆపలేం, చదువూ రాతా ఏమైనా మిగిలి ఉంటే చలికాలంలోపు ముగించుకోండి అని. అందుకే పెద్ద తెర కొనుక్కుని దానికి ముక్కు ఆనించి కూర్చునేవారు. తప్పులు అందుకే వచ్చాయేమో, నాకు మీ బ్రాకెట్లు తెలియవు.

నువ్వు తాళం వేసిన రోజున అన్నాను, "దానికి కళ్ల సంగతి ఒక్క మాట చెప్పండి, వెంటనే తీసేస్తుంది" అని. "నా తప్పులు చూసి వేసింది. నా కళ్లు చూసి తియ్యకూడదు" అన్నారు. తీశానని నీ ఉత్తరం వచ్చేసరికి ఆయనకు ఆ తెరా మా గోడా ఒకటే.

నిన్ను బాధపెట్టాలని రాయడం లేదు. నీకు తెలియకుండా ఉండటం బాగోలేదనిపించింది. ఇక కవరు అంటించాలి, చెయ్యి చాపి వెతుకుతున్నారు.


ఇంట్లోంచి

మామయ్యకు,

ఈ ఉత్తరం అత్తయ్య చదివి వినిపిస్తారని తెలిసే రాస్తున్నాను. కళ్ల సంగతి ఆవిడ నాకు రాశారు. ఆవిడను ఏమీ అనకండి.

ఆ ఉత్తరం అందిన రోజే బయల్దేరాను. మీ ఊరి స్టేషన్ దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాను. వచ్చి మీ ఎదురుగా నిలబడితే మీకు నా ముఖం కనబడదు, నాకు మాత్రం మీది కనబడుతుంది. అలా రావడానికి మనసొప్పలేదు.

మీకున్నవే ఆ కాసిని నెలలు. ఆఫీసులో పని ఎక్కువగా ఉందని రాశాను కదా, అదేమీ లేదు. కాస్త కూర్చుంటే వానలు ముగిసేలోపే అయిపోయే పని. మీరు అడగాలని చూశాను. "తాళం తియ్యవే" అని ఒక్క మాట అంటే ఆ క్షణమే తీసేదాన్ని. మీరు అడగలేదు, నేను తియ్యలేదు. క్షమించమని రాయబోయి కొట్టేశాను. దాని వల్ల ఆ నెలలు వెనక్కి రావు.

పేజీలను చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి పెట్టుకుని, కళ్లు మూసుకుని మన పేజీ విన్నాను. ఒక చోట "బొమ్మ" అని ఊరుకుంది. అది నేను అందంగా ఉంటుందని సమీకరణాన్ని బొమ్మగా పెట్టిన చోటు. ఇంకోచోట ఎలాగో నా కంట పడకుండా మిగిలిపోయిన మీ పాత గుర్తును "తక్కువ" అని చక్కగా చదివింది. నేను పట్టుబట్టి పెట్టిన కోణపు బ్రాకెట్ దగ్గర అసలు నోరే మెదపలేదు, దాటి వెళ్లిపోయింది. చూపు లేని మనిషికి నేను శుభ్రం చేసినదానికన్నా మీరు పాడుచేసిందే నయం.

ఇప్పుడు మళ్లీ మొదటినుంచి వస్తున్నాను. ప్రతి సమీకరణం వెనకా దాన్ని మాటల్లో ఎలా పలకాలో రాస్తున్నాను. అది మీరు వినాలి, విని ఎక్కడ బాగోలేదో చెప్పాలి.

చుక్క


సైకిళ్ల కొట్టు పైవాటా

చుక్కమ్మకు,

మీ అత్తయ్య నీ ఉత్తరం చదువుతూ మొదట్లోనే ఆగి గొంతు సవరించుకుంది. అప్పుడే అర్థమైంది ఆ చిరునామా అంత పొడుగెందుకైందో. ఆవిణ్ణి ఏమీ అనలేదు.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు తలుపు వేశావు, నేను తట్టలేదు. తడితే తీస్తావని తెలుసు. తెలిసే తట్టలేదు. ఏదో ఒక ఉత్తరంలో నువ్వే మెత్తబడి తీస్తావని కూర్చున్నాను. నువ్వు నా కోసం, నేను నీ కోసం. ఈలోగా పొద్దుగూకింది. ఇక ఆ మాట వదిలెయ్.

నీ ప్రోగ్రాం పెట్టించుకుని విన్నాను. "శక్తి ఆపరేటర్ స్థితి మీద పనిచేస్తే" అని నువ్వు రాసిన మాటలు బాగున్నాయి. చిన్న సమీకరణాలు అందుతున్నాయి. పొడుగువి వినడం మాత్రం గేటు దగ్గర నిలబడి గూడ్సు బండిని చూస్తున్నట్టుంది. చివరి పెట్టె వచ్చేసరికి ఇంజను ఏ రంగుదో గుర్తుండదు. ఇన్నాళ్లూ ఒక్క చూపులో బండి మొత్తం చూసినవాణ్ణి. పొడుగువాటిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకూ ఒక పేరు పెట్టు. నాకోసం కాదు, నాలా వినేవాళ్లు ఇంకా ఉంటారు.

ఆసక్తి పోయిందన్నది అబద్ధం. డోలకం అత్తయ్యకు చెప్పి రాయిద్దామని చూశాను, నోటితో రావడం లేదు. ముప్పాతిక జీవితం బోర్డు ముందు గడిపాను కదా, చెయ్యి కదిలితేనే తర్వాతి మెట్టు తెలుస్తుంది. అందుకని నేనే కాగితం మీద రాస్తున్నాను, కింద స్కేలు అడ్డం పెట్టుకుని, దాన్ని వరసకింత జరుపుకుంటూ. అత్తయ్యను దగ్గరికి రానివ్వడం లేదు. చూస్తే జాలిపడుతుంది, ఆవిడ జాలిపడితే నా స్కేలు జరిగిపోతుంది.

అయ్యాక పంపుతాను. టోపీలు నువ్వే పెట్టుకో.

మామయ్య


బీమా ఆఫీసు, కిటికీ పక్క

మామయ్యకు నమస్కారం.

కాగితాలు అందాయి. ఆఫీసుకు తెచ్చుకుని పనంతా పక్కన పెట్టి చదివాను.

మొదటి కాగితాలు చదవగలిగాను. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట కూడా ఓపిగ్గా విడదీశాను, కాగితం అంచు దాటి వెళ్లిపోయిన మాటలను ఊహించుకున్నాను. స్ప్రింగుతో మొదలుపెట్టి, శక్తిని రెండు ముక్కలుగా విడగొట్టి, ఆ రెండూ ఎక్కించేదీ దించేదీ అని ఎంత తేలిగ్గా చెప్పారో. మీ గొంతు వినబడింది. తర్వాత నిచ్చెన దిగడం మొదలుపెట్టారు. దిగుతూ పోతే ఎక్కడో ఆగాలి కదా అని అడిగారు. "ఇక్కడ ఆగకపోతే ఏమవుతుందంటే" అన్న దగ్గర రాత పల్చబడింది. ఆ తర్వాత కాగితాలన్నీ తెల్లగా ఉన్నాయి.

పెన్నులో ఇంకు అయిపోయింది మామయ్యా.

ఈ మాట మీకు చెప్పకుండా, గుర్తున్న పాఠంతో మిగతాది నేనే పూరించి, అంతా మీరు రాసిందేనని చెబుదామనుకున్నాను. చాలాసేపు అదే ఆలోచనలో ఉన్నాను. మీరొకటి దాచి, నేనొకటి దాచి ఇక్కడిదాకా వచ్చాం. ఇంకోటి దాచడానికి ధైర్యం చాలలేదు.

తెల్ల కాగితాలను కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుంటే మీ చెయ్యి నొక్కిన జాడలు కనబడుతున్నాయి. కొన్ని కెట్‌లు గుర్తుపట్టాను. ఒక చోట "పొడవు" అన్న మాట. అంతకుమించి రాలేదు. పక్క టేబులావిడ కూడా ప్రయత్నించింది, పాపం, ఆవిడకు అవి ఏమిటో కూడా తెలియదు.

శుక్రవారం సెలవు పెట్టాను. ఈసారి స్టేషన్ నుంచి వెనక్కి వెళ్లను. మీ ముందుగది గోడకు పెద్ద కాగితాలు అంటిద్దాం. మీరు బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడి చెయ్యి కదపండి. నేను పక్కనుండి ఇంకు ఉందో లేదో చెబుతుంటాను. అత్తయ్యకు కూడా ఒక కుర్చీ వేద్దాం.

అప్పటిదాకా డోలకం పేజీలో నేను ఒక్క అక్షరం చేర్చను.

మీ చుక్క


సైకిళ్ల కొట్టు పైవాటా

చుక్కమ్మకు,

రా.

పెన్ను మాట చదివాక మీ అత్తయ్య లేచి లోపలికి వెళ్లిపోయింది. వచ్చి కూర్చున్నాక ఇది రాయిస్తున్నాను. ఇంకు ఉందని రెండుసార్లు చెప్పింది.

తెల్ల కాగితాల మీద ఏం రాశానని వచ్చాక అడుగుతావు. ముందే చెబుతాను. కెట్ పొడవు రుణసంఖ్య అయ్యే వీలు లేదు కాబట్టి నిచ్చెన కింద ఒక చోట ఆగక తప్పదు. ఆ ముక్క ఏ పుస్తకమైనా చెబుతుంది, నీ తరగతికి నేనూ అదే చెప్పాను. కానీ ఆ రోజు రాస్తుంటే దాన్ని వేరే దారిలో చెప్పడం తట్టింది. అన్నేళ్లలో క్లాసులో ఒక్కనాడూ తట్టని దారి. ఇంత తేలికా అని రాస్తూ రాస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. అత్తయ్య పక్కగదిలోంచి "ఏమిటి?" అని కూడా అడిగింది.

నీ ఉత్తరం విన్నప్పటినుంచి దానికోసం వెతుకుతున్నాను. బల్ల మీద వేలితో రాసి చూశాను, గాల్లో రాసి చూశాను. పాతదే వస్తోంది.

గోడకు కాగితాలు అంటిద్దాం. పాత పద్ధతిలో పేజీ పూర్తవుతుంది, నువ్వు దానికి బ్రాకెట్లు సరిగ్గా పెడతావు, చదివేవాళ్లకు తేడా తెలియదు. నేను రాసిన ఆ పేజీ మాత్రం ఇక రాదనుకుంటాను. అందులో ఏముందో ఇప్పుడు నాకూ తెలియదు. బాగా వచ్చిందని మాత్రం గుర్తుంది.

మామయ్య